పిల్లలమర్రి చూడాలన్న పెద్దమ్మ: ఫ్లోరోసిస్ వెన్నుతో ఒక పార్కు ప్రయాణం (కేస్ స్టడీ)

మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మోకాళ్ల నొప్పులు, పక్షవాతం, తుంటి ఆపరేషన్ తర్వాత నడక నేర్పడం, మా దగ్గరికి రోజూ వచ్చేవి ఇవే. కదలిక తగ్గిన మనిషి పార్కుకు పోవాలంటే ఇంట్లోవాళ్లయినా మేమైనా ముందు అడిగేది ఒకటే, ఎంత దూరం నడవగలదు అని. ఈ కేసులో ఆ ప్రశ్నకు జవాబు దొరికాక కూడా పని ముందుకు సాగలేదు. ఆమెను నిజంగా ఆపుతున్నవి వేరే ఉన్నాయి. అవి ఒక్కొక్కటిగా ఎలా బయటపడ్డాయో, ప్రతి చోటా ఏమి ఆలోచించి ఏ నిర్ణయం తీసుకున్నామో రాస్తే ఇలాంటి పేషెంట్లను చూసేవాళ్లకు, ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లు ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఆమె, ఆమె కూతురు ఒప్పుకున్నారు. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను. క్లినిక్‌లో అందరం పెద్దమ్మ అనే పిలిచేవాళ్లం, ఇక్కడా అలాగే రాస్తాను.

నేపథ్యం

పెద్దమ్మ వయసు అరవై దాటింది. నల్గొండ జిల్లా పడమటి మండలాల్లో ఒక ఊళ్లో పుట్టి, ఆ పక్క ఊరికే కోడలుగా వెళ్లింది. పిల్లల పెళ్లిళ్లు అయ్యేదాకా తాగింది అక్కడి బోరు నీళ్లే. భర్త పోయాక పాలమూరులో (మహబూబ్‌నగర్‌నే అలా అంటాం) కూతురి దగ్గర ఉంటోంది.

ఆ ప్రాంతం నీళ్ల సంగతి ఈ వైపు వాళ్లందరికీ తెలిసిందే. అడుగున ఉన్న గ్రానైటు రాతిలోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి కరుగుతుంది. తాగే నీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు ఎన్నో బోర్లలో ఆ హద్దుకు కొన్ని రెట్లు ఉండేది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో తయారుచేసినప్పుడు దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టారంటే జిల్లా ఎంతగా నలిగిందో అర్థం చేసుకోవచ్చు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చాక పుట్టిన పిల్లల పరిస్థితి వేరు. పెద్దమ్మ ఎముకల్లో చేరవలసింది అప్పటికే చేరిపోయింది.

ఇలా ఫ్లోరైడ్ ఒంట్లో చేరి వచ్చే ఎముకల జబ్బే ఫ్లోరోసిస్. అందులో ఎముక దట్టమవుతుంది, దాన్ని పట్టి ఉంచే లిగమెంట్లు సున్నం పట్టి గట్టిపడతాయి. ఒకసారి అలా గట్టిపడ్డాక ఏ మందుతోనూ, ఏ ఎక్సర్‌సైజుతోనూ మళ్లీ మెత్తబడవు. ఈ విషయం కుటుంబానికి మొదటి రోజే చెప్పాను. ఎందుకంటే వాళ్లు అప్పటికే చాలా చోట్ల తిరిగారు, ప్రతి చోటా ‘నడుము నిటారుగా అవుతుంది’ అన్న ఆశతోనే డబ్బు పెట్టారు.

ఏ సమస్యతో వచ్చారు

కూతురు చెప్పిన సమస్య మోకాళ్ల నొప్పి. పెద్దమ్మ చెప్పింది వేరు.

“ఏటా కార్తీకంల అందరు వనభోజనాలకు పోతరు. నన్ను ఇంటికాడ కాపలా పెడ్తరు. ఒక్కసారి నేను గూడ పోవాలె బిడ్డా.”

ఎక్కడికి పోవాలని ఉంది అని అడిగాను. ఏ మాత్రం తడుముకోకుండా పిల్లలమర్రి అంది, మా పట్నం దగ్గరున్న ఆ పాత పెద్ద మర్రిచెట్టు. పెళ్లయిన కొత్తలో కురుమూర్తి జాతరకు పోతూ దారిలో అక్కడ ఆగి, చెట్టు కింద వండుకొని తిన్నారట. తర్వాత మళ్లీ చూసింది టీవీలోనే. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడ్డాక సందర్శకులను ఆపేశారు. చెట్టుకు చెదలు పట్టిందని తేలింది. 2018లో సెలైన్ సీసాలు వరసగా వేలాడదీసి, వాటిలోంచి చెదల మందును చుక్కలుచుక్కలుగా కొమ్మల్లోకి ఎక్కించారు. ఆ దృశ్యం అప్పట్లో దేశమంతా చూసింది. పెద్దమ్మ మనసులో అది అలాగే ఉండిపోయింది. “సెలైన్ ఎక్కించిన్రు గద, ఇప్పుడెట్లున్నదో చూసి రావాలె” అంది.

ఇలా గురి స్పష్టంగా చెప్పే పేషెంట్లు తక్కువ. నొప్పి తగ్గాలి అంటారు, బాగా కావాలి అంటారు. ఒక చోటు, ఒక కాలం, ఒక కారణం చెప్పి అడిగితే చికిత్స ప్లాన్ సగం మన చేతికి వచ్చినట్టే. మోకాళ్ల నొప్పిని పక్కన పెట్టలేదు గానీ, కేసు షీటులో మొదటి లక్ష్యంగా ‘కార్తీకంలో పిల్లలమర్రి’ అనే రాశాను.

పరీక్షలో కనిపించినవి

వెన్ను నడుము నుంచి మెడదాకా ముందుకు వంగి కొయ్యబారిపోయింది. మెడ పక్కలకు కొద్దిగా తప్ప తిరగదు, పైకి అసలు లేవదు. నిలబడితే చూపు తన పాదాలకు ఐదారు అడుగుల ముందు నేల మీద పడుతుంది. ఎదుటి మనిషి మొహం చూడాలంటే మోకాళ్లు వంచి ఒళ్లంతా వెనక్కి వాల్చాలి. తుంటి 70 డిగ్రీల దగ్గర ఆగిపోతోంది. మామూలు కుర్చీలో సర్దుకొని కూర్చోవాలంటే 90 దాకా వంగాలి. మోచేతులు పూర్తిగా చాపలేదు. చేతికర్రతో 40 మీటర్లు నడుస్తుంది, ఆ తర్వాత ఆగి, గోడకు ఆనుకొని నిలబడే సేదతీరుతుంది.

ముంజేయి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య ఉండే పొర సున్నం పట్టి తెల్లగా కనిపించింది. ఫ్లోరోసిస్‌కు అది బలమైన గుర్తు. నన్ను ఆపింది మాత్రం మోకాలి కింద సుత్తితో కొట్టినప్పుడు కాలు ఎగిరిన తీరు. ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఎగిరింది. పాదాల్లో తిమ్మిరి కూడా ఉందంది. ఇలాంటి వెన్నులో లోపలి కాలువ ఇరుకై వెన్నుపాము నొక్కుకుపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే ఏ ప్లానూ వేయకముందే ఎం.ఆర్.ఐ. తీయించి న్యూరోసర్జన్ అభిప్రాయం తీసుకురమ్మన్నాను. కూతురికి టెన్షన్ పట్టుకుంది, పార్కుకు పోవడానికి స్కానింగ్ ఎందుకని. కారణం చెప్పాను. గతుకుల దారిలో ఆటో ఒక్కసారి ఎగిరిపడినా, ఎవరైనా చంకల కింద చేతులేసి ఎత్తినా, ఇరుకైన కాలువలో ఉన్న వెన్నుపాముకు దెబ్బ తగలొచ్చు.

మెడ దగ్గర కాలువ కొంత ఇరుగ్గా ఉంది, ఇప్పటికి ఆపరేషన్ అవసరం లేదు, కుదుపులు వద్దు, మెడకు ట్రాక్షన్ (బరువు కట్టి మెడను లాగడం) గానీ తిప్పుడు మర్దన గానీ అసలే వద్దు అని న్యూరోసర్జన్ రాసి పంపారు. ఈ చివరి మాట ఇంట్లో అందరికీ మళ్లీ మళ్లీ చెప్పాను. మన ఊళ్లలో మెడ పట్టేసిందంటే తిప్పి ‘టక్’మనిపించే మంగలి మర్దన ఇంకా ఉంది. ఫ్లోరోసిస్ మెడకు అది ప్రాణం మీదికి తెస్తుంది.

మొదట చేసినవి

వెన్నును సాగదీసే పని పెట్టుకోలేదు. సాగని దాన్ని సాగదీయబోతే నొప్పి తప్ప ఏమీ రాదు. తొడ కండరాలకు బలం, మడమలకు కదలిక, ఊపిరి పీల్చే ఎక్సర్‌సైజులు పెట్టాను. ఊపిరి ఎందుకంటే, పక్కటెముకల కీళ్లు కూడా బిగుసుకుంటే ఛాతీ సరిగ్గా విచ్చుకోదు, నాలుగు అడుగులకే ఆయాసం వస్తుంది. వాళ్లు దాన్ని వయసు ఖాతాలో వేస్తారు.

చేతికర్ర తీసేసి చక్రాల వాకర్ ఇచ్చి చూశాం. మోచేతులు చాపలేని మనిషికి వాకర్ పిడి ఎత్తు పెంచాలి, పెంచితే భుజాలు నొప్పి. కర్రతోనే ఆమె నడక కుదురుగా ఉంది. వాకర్ పక్కన పెట్టాం.

కండరాలకు బలం వచ్చింది, నడక 60 మీటర్ల దాకా పెరిగింది. ఇంట్లోవాళ్లు సంతోషించారు. ఇక బయట ఒకసారి చూద్దామని పట్నంలోనే ఒక చిన్న పార్కుకు వెళ్లాం. పెద్ద ప్రయాణానికి ముందు దగ్గర్లో ఒక ట్రయల్ వేయడం నాకు అలవాటు. క్లినిక్ టైల్స్ మీద నడక, బయటి నడక ఒకటి కావు.

పార్కులో ఎక్కడెక్కడ ఆగిపోయాం

గేటు దగ్గరే మొదలైంది. బైకులు లోపలికి రాకుండా ఇనుప పైపులు అడ్డంగా పాతారు. కర్ర పట్టుకున్న మనిషి పక్కకు తిరిగి దూరాలి. తిరగలేని ఒళ్లు. వెంట తెచ్చిన వీల్‌చైర్ ఆ సందులో పట్టనే పట్టదు. వాచ్‌మన్ మంచివాడు, బండ్లు పోయే పెద్ద గేటు తాళం తీశాడు.

లోపల పేవర్ బ్లాకులు చెట్ల వేళ్లకు అక్కడక్కడా పైకి లేచాయి. చూపు నేల మీదే ఉండటం వల్ల పెద్దమ్మ ప్రతి ఎత్తూ పల్లం చూసుకుంటూ నడిచింది. ఆ ఒక్క విషయంలో వంగిన మెడ ఆమెకు మేలే చేసింది. 50 మీటర్లు సాఫీగా నడిచింది. తర్వాత అలసిపోయింది, కూర్చోవాలి.

సిమెంటు బెంచీ ఉంది. టేపు పెట్టి కొలిచాను, 14 అంగుళాల ఎత్తు. వెనక ఆనుకోవడానికి లేదు, పక్కన పట్టుకోవడానికి చేతులూ లేవు. తుంటి 70 డిగ్రీల దగ్గర ఆగిపోయే మనిషి అంత కిందికి కూర్చోవాలంటే చివరి ఆరు అంగుళాలు వదిలేసి పడిపోవడమే. పడితే ఆ కుదుపు నేరుగా వెన్నుకు. వద్దన్నాను. వీల్‌చైర్‌లో కూర్చోబెట్టాం. అది క్యాంపులో ఇచ్చిన మామూలు మడత వీల్‌చైర్. సీటుకు, వీపుకు మధ్య 90 డిగ్రీలు. ఆమె ఒళ్లు అందులో సర్దుకోదు కాబట్టి నడుము ముందుకు జారి, గూని భాగం బిగుతు గుడ్డకు గట్టిగా ఒత్తుకుంది. కాసేపటికే “దించుండ్రి, దించుండ్రి” అంది.

అప్పుడు అల్లుడు, ఆలస్యమవుతోందని, మంచి మనసుతోనే, ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకొని గేటుదాకా తెచ్చాడు. నేను మెడ కింద చెయ్యి పెట్టి వెంట నడిచాను. ఎత్తొద్దని వాదించడం కంటే ఆ క్షణంలో మెడను కాపాడటం ముఖ్యం అనిపించింది. ఇంటికి పోయాక పెద్దమ్మ ఎవరితోనూ మాట్లాడలేదట. తర్వాత నాతో అన్నది ఇదే: “పదిమందిల మూట లెక్క ఎత్తిండు. ఇగ నేను యాడికి రాను.”

ఇంకో సంగతి కూతురు చెప్తేనే తెలిసింది. ముందురోజు రాత్రి నుంచి పెద్దమ్మ నీళ్లు ముట్టలేదు. పార్కు టాయిలెట్‌కు మూడు మెట్లు, లోపల కింద కూర్చునే దొడ్డి. అక్కడికి పోవాల్సి వస్తుందేమో అన్న భయంతో గొంతు తడుపుకోవడం కూడా మానేసింది. పెళ్లికి పోయినా, దవాఖానకు పోయినా అంతేనట. నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ అలా ఎండిపోయిన గొంతుతోనే వచ్చిందన్నమాట. నీళ్లు తాగాలి పెద్దమ్మా అంటే నా మొహం చూడటానికి ఒళ్లు వెనక్కి వాల్చి అంది:

“నీళ్లే మమ్ముల గిట్ల చేసినయ్. ఇప్పుడు నువ్వు నీళ్లు తాగుమంటున్నవ్.”

ప్లాన్ ఎందుకు మార్చాం

అక్కడ రెండు దారులు కనిపించాయి. నడకను 60 నుంచి 100 మీటర్లకు పెంచడం ఒకటి. ఆమె ఎక్కడ కావాలంటే అక్కడ నొప్పి లేకుండా, ఎవరూ ఎత్తకుండా కూర్చొని లేవగలిగేలా చేయడం రెండోది. మొదటిది మాకు అలవాటైన దారి. చార్టులో అంకె పెరిగితే మనకూ బాగుంటుంది. కానీ నడక 100 మీటర్లయినా కూర్చునే చోటు లేకపోతే ఆ వందో మీటరు దగ్గర ఇదే కథ. కూర్చోవడం కుదిరితే 40 మీటర్ల నడకతో కూడా ఎంత పెద్ద తోటైనా చూడొచ్చు, ఆగి ఆగి. రెండోది ఎంచుకున్నాం. ఇకనుంచి నడక దూరం రాసుకోవడం తగ్గించి, ఎంత ఎత్తు సీటు మీద నుంచి సాయం లేకుండా లేస్తోంది అన్నది రాసుకోవడం మొదలుపెట్టాను. 21 అంగుళాల దగ్గర హాయిగా లేస్తుంది. 19 దగ్గర కష్టపడి లేస్తుంది. 17 దగ్గర లేవలేదు.

అంటే ఆమెకు కావలసింది 21 అంగుళాల ఎత్తు, రెండు పక్కలా చేతులున్న కుర్చీ. ఖర్చు లేని ఉపాయం ఇంట్లోనే దొరికింది. మన ఫంక్షన్లలో వేసే ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి వేస్తే సీటు ఎత్తు పెరుగుతుంది, కుర్చీ కూడా గట్టిపడుతుంది. మూడు వేశాం, టేపు పెట్టి చూసి పైన గట్టి ఫోమ్ దిండు వేసి 21కి సరిచేశాం. తేలిగ్గా ఉంటాయి, కారు డిక్కీలో పడతాయి, ఎక్కడ కావాలంటే అక్కడ వేయొచ్చు. ఒక జాగ్రత్త ఉంది. మట్టి నేల మీద కుర్చీ కాళ్లు దిగబడతాయి, కింద ఒక ప్లైవుడ్ పలక వేయాలి. కూర్చునేటప్పుడు ఒకరు వెనక కుర్చీని పట్టుకోవాలి.

వీల్‌చైర్‌ను పారేయలేదు, మార్చాం. వీపు గుడ్డ తీసేసి దాని బదులు మంచానికి అల్లే నవారు పట్టీలు అడ్డంగా కట్టించాం. గూని ఉన్న చోట పట్టీలు వదులు, నడుము దగ్గర బిగుతు. ఆమెను కూర్చోబెట్టి ఒక్కో పట్టీ లాగుతూ, వదులుతూ, ఎక్కడా ఒత్తుకోకుండా సరిచేయడానికి చాలాసేపు పట్టింది, కానీ ఈ కేసులో అన్నిటికంటే తృప్తినిచ్చిన పని అదే. వెల్డింగ్ షాపులో వీపు గొట్టాలను కొద్దిగా వెనక్కి వాలేలా మార్పించాం. వాలు పెరిగితే బరువు వెనక్కి పోతుంది, కుర్చీ వెల్లకిలా పడే ప్రమాదం ఉంటుంది కాబట్టి వెనక రెండు చిన్న చక్రాలు కూడా పెట్టించాం. ఇది చేయకుండా వాలు మాత్రం ఎవరూ మార్చొద్దు. నడుముకు బెల్టు తప్పనిసరి.

ఆ వాలు వల్ల తుంటికి 90 డిగ్రీల అవసరం తప్పింది. అనుకున్నదాని కంటే ఇంకో పెద్ద లాభం జరిగింది. వంగిన వెన్ను అలాగే ఉన్నా, ఒళ్లంతా వెనక్కి వాలడంతో చూపు నేల మీది నుంచి లేచింది. ఎదురుగా కూర్చున్న నన్ను చూసి “గిప్పుడు నీ మొహం మంచిగ కనవడ్తున్నది” అంది.

అద్దం

ముందుకు చూడటం వచ్చింది. పైకి చూడటం రాదు. పోయేదేమో మర్రిచెట్టు చూడటానికి. దాదాపు 700 ఏళ్ల వయసున్న చెట్టు, మూడెకరాల దాకా పరుచుకున్నది. మానులాంటి ఊడలు ఎదురుగా కనిపిస్తాయి సరే, కొమ్మలు, పైన ఆకుల కప్పు చూడకుండా పిల్లలమర్రి చూశానంటే ఆమె ఒప్పుకునే మనిషి కాదు. కుర్చీని ఇంకా వాల్చితే మెడ కింద ఆధారం లేక తల వేలాడుతుంది. అది ప్రమాదం.

దీనికి జవాబు పెద్దమ్మే చెప్పింది. బొట్టు పెట్టుకోవడానికి ఒక చేతి అద్దం ఎప్పుడూ సంచిలో ఉంటుంది. ఒకరోజు క్లినిక్‌లో కూర్చొని, అద్దం ఒళ్లో పెట్టుకొని, బొట్టు సరిచేసుకుంటూ ఆగిపోయింది. “నీ ఫ్యాన్‌కు బూజు పట్టింది బిడ్డా” అంది. నేను పైకి చూశాను, నిజమే. ఆమె తల దించుకొనే ఉంది.

అద్దాన్ని ఒళ్లో పడుకోబెట్టి కొద్దిగా తిప్పితే కిందికి చూసే కంటికి పైది కనిపిస్తుంది. మెడ ఎత్తనక్కర లేదు. పుస్తకమంత అద్దం కొనిపించాం, అంచులకు ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉన్నది, పగిలినా గీరుకోకుండా వెనక టేప్ అంటించాం. ఇంటి మేడ మీద ప్రాక్టీసు చేసింది. మొదట్లో అద్దం కదిపినప్పుడల్లా కళ్లు తిరిగినట్టయిందట. నెమ్మదిగా కదపడం, కదిపాక ఆపి చూడటం అలవాటు చేసుకుంది. ఎండ ముక్క అద్దంలో పడితే కళ్లకు కొడుతుంది, అందుకే నీడలో మాత్రమే వాడాలని నిశ్చయించుకున్నాం.

నీళ్లు, మూత్రం

తరచుగా మూత్రం రావడం, ఆపుకోలేకపోవడం వెన్నుపాము ఒత్తిడికి కూడా గుర్తు కావచ్చు. అది లేదని ముందు తేల్చుకున్నాం. తర్వాత మామూలుగా నీళ్లు తాగిన రోజు ఎంతసేపటికి వెళ్లాల్సి వస్తోందో కూతురితో రాయించాను. దాదాపు రెండు గంటలు. కాబట్టి బయలుదేరిన దగ్గరి నుంచి ఇంటికి చేరేదాకా మొత్తం అందులోనే అయిపోవాలి. పిల్లలమర్రి పట్నానికి నాలుగు కిలోమీటర్లే, ఇది కుదిరే లెక్క.

డైపర్ మాట ఎత్తితే పెద్దమ్మ మొహం మాడ్చుకుంది. బలవంతం చేయలేదు. బదులుగా మడత కమోడ్ కుర్చీ, రెండు పాత చీరలు కారులో పెట్టుకుందామన్నాను. కారు రెండు తలుపులు తెరిచి మధ్యలో చీరలు కడితే గది అవుతుంది. దానికి ఒప్పుకుంది. ఇంటి దగ్గర ఒకసారి కట్టి చూపించాం, బయటి నుంచి ఏమీ కనిపించదని తానే తిరిగి చూసుకుంది. ఆ తర్వాత ప్రయాణం రోజు పొద్దున ఎవరూ అడగకుండానే చెంబెడు నీళ్లు తాగిందని కూతురు ఫోన్ చేసి చెప్పింది.

పిల్లలమర్రి దగ్గర

కార్తీకంలో సోమవారం, ఆదివారం వద్దనుకున్నాం. మామూలు రోజు, పొద్దున పది తర్వాత. పొద్దున్నే చల్లగా ఉంటుంది, తెల్లవారే పోదామని ఇంట్లోవాళ్లు అన్నారు. కీళ్లు బిగుసుకున్నవాళ్లకు తెల్లవారుజామే అన్నిటికంటే కష్టం. వేడినీళ్ల స్నానం చేసి, గంటసేపు ఇంట్లో తిరిగాక బయలుదేరితే మేలని ఒప్పించాను.

ఆటో బదులు కారు మాట్లాడారు. ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, వాల్చి, మీద ఒక నున్నటి ప్లాస్టిక్ కవరు పరిచాం. సీటుకు వీపు పెట్టి నిలబడి, అంచు మీద కూర్చొని, కవరు మీద జారుతూ లోపలికి. కాళ్లు కూతురు లోపల పెట్టింది. డ్రైవర్‌కు స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఎలా పోవాలో ముందే చెప్పాం.

లోపల మట్టి నేల వచ్చినచోట వీల్‌చైర్‌ను ముందుకు తోయలేదు, వెనక్కి తిప్పి లాగాం. ముందు చిన్న చక్రాలు మట్టిలో గుచ్చుకుంటే కుర్చీ ఒక్కసారిగా ఆగి మనిషి ముందుకు పడుతుంది. పెద్ద చక్రాలు ముందు పోతే ఆ బాధ లేదు. అల్లుడికి ఇది ముందే నేర్పాను. ఈసారి ఆమెను ఎవరూ ఎత్తలేదు. మధ్యలో ఆమె కోరినప్పుడు లేచి కర్రతో కొంత నడిచింది, కుర్చీల మీద కూర్చుంది, మళ్లీ నడిచింది.

చెట్టును కాపాడటానికి కంచె ఉంది, కొంచెం ఎడం నుంచే చూడాలి. నడవలేని మనిషికి ఇది లోటు కాలేదు. నీడలో ఒకచోట కుర్చీ ఆపి, అద్దం ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. అద్దం అటు తిప్పి ఆపడం, ఇటు తిప్పి ఆపడం. తర్వాత మనవరాలిని పిలిచి, “అగో, ఆ కొమ్మ మీద పిట్టగూడు, నీకు కనవడ్తుందా” అని అడిగింది. ఆ పిల్ల పైకి చూసి వెతికి, దొరక్క, నానమ్మ అద్దంలోకే తొంగి చూసింది. (అమ్మమ్మే, కానీ ఆ ఇంట్లో నానమ్మ అనే పిలుస్తారు.) బరువైన కొమ్మల కింద కట్టిన దిమ్మెలు కూడా పెద్దమ్మ కంట్లో పడ్డాయి. “దీనికి గూడ పోట్లు పెట్టిన్రు” అంది.

భోజనాల దగ్గర అందరూ చాప మీద, ఆమె ఒక్కతే ఎత్తు కుర్చీ మీద. కూతురు అది గమనించి, తానూ ఒక కుర్చీ తెచ్చుకొని పక్కన కూర్చొని తింది. ప్లాన్‌లో నేను రాయని పని అది. కమోడ్ కుర్చీ తెరవాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు పని ఎలా మారింది

బయటికి పోవాలనే ఏ పేషెంట్‌కైనా నడక దూరం కంటే ముందు, ఏ ఎత్తు సీటు మీద నుంచి తానుగా లేస్తున్నారో కొలుస్తున్నాను. మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లలో కూడా చాలామంది పార్కుకు పోనిది నడవలేక కాదు, కూర్చుంటే లేవలేమన్న భయంతో. బయటికి వచ్చే ముందు నీళ్లు మానేస్తున్నారా అని నేరుగా అడుగుతున్నాను. ముఖ్యంగా ఆడవాళ్లను, మగవాళ్లు గదిలో లేనప్పుడు. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

ఆ చిన్న పార్కు గేటు గురించి, టాయిలెట్ మెట్ల గురించి కుటుంబం ఒక అర్జీ పెట్టింది. వికలాంగుల హక్కుల చట్టం 2016 నుంచి ఉంది. ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు. అంటే మొత్తం కలిపి అడుగున్నర ఎత్తున్న మూడు మెట్లకు 18 అడుగుల ర్యాంపు కావాలి. మెట్ల పక్కన నాలుగడుగుల సిమెంటు జారుడు పోసి ర్యాంపు అంటే అది వీల్‌చైర్‌కు మెట్ల కంటే ప్రమాదం. అర్జీలో ఈ కొలత రాయించాను. బెంచీల్లో కొన్నింటినైనా 18, 19 అంగుళాల ఎత్తులో, చేతులు పెట్టి కట్టమని కూడా రాయించాను. బెంచీలన్నీ మార్చడం కుదరకపోయినా, కొత్తగా పోసేవి ఎత్తుగా పోయడానికి పెద్దగా ఖర్చు పెరగదు.

ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. కాళ్లలో తిమ్మిరి, నడకలో బిగుతు, మూత్రం మీద అదుపు తగ్గడం, చేతుల్లో పట్టు తగ్గడం, వీటిలో ఏది కొత్తగా కనిపించినా పార్కు మాట పక్కన పెట్టి వెంటనే డాక్టరుకు చూపించాలి. పెద్దమ్మ రిఫ్లెక్సులు (సుత్తితో కొడితే కాలు ఎగిరే తీరు) కొన్ని నెలలకోసారి చూస్తూనే ఉన్నాను, ఇప్పటిదాకా మార్పు లేదు. నవారు పట్టీలు మాత్రం సాగుతాయి, వచ్చినప్పుడల్లా బిగించాలి.

ఈసారి నాగార్జునసాగర్ దగ్గర బుద్ధవనం అనే బౌద్ధ పార్కు చూడాలంటోంది. అది 274 ఎకరాలు, ఇక్కడి నుంచి ప్రయాణమే రెండు గంటలు దాటుతుంది. కాబట్టి దారిలో ఆగడానికి దేవరకొండ వైపు చుట్టాల ఇల్లు ఒకటి, అక్కడ కమోడ్ ఉందా లేదా, గడప ఎత్తెంత అన్నది కూతురు కనుక్కుంటోంది. లోపల ఏ భాగం చూడాలో ముందే ఎంచుకోమని, అన్నీ ఒకేరోజు పెట్టుకోవద్దని చెప్పాను.